మెయిల్లో నడిచిన రాయబారం

రాయబారం అన్న మాట నేను బడి పుస్తకంలో చదవకముందే మా ఇంటి అరుగు మీద విన్నాను. మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే, పొలాలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట మా ఊరు. ఊరంతా వేట మీద బతికేవాళ్లమే. ఒక ఊరి వల మీదుగా ఇంకో ఊరి బోటు పోయి వల తెగిందంటే, కుర్రాళ్లు కర్రలు తీసేలోపే పెద్దలు కూర్చుని అవతలి ఊరికి ఒక మనిషిని పంపేవారు. ఎక్కువసార్లు ఆ మనిషి మా నాన్నే. ఇంట్లో సైకిలుండగా కాలినడకన ఎందుకు పోతావని నేను విసుక్కుంటే, "తొందరగా ఎళ్తే మన కోపం కూడా మనతోనే వత్తాదే. నడిచెళ్తే దార్లో ఎక్కడో దిగిపోద్ది" అనేవాడు. అవతలి ఊళ్లో కూడా వెంటనే విషయం ఎత్తేవాడు కాదు. వానల గురించీ, చేపల ధర గురించీ మాట్లాడి, చివర్లో అసలు మాట అనేవాడు. నాకు ఓపిక తక్కువ. ఇదంతా కాలయాపన అనుకునేదాన్ని.

మా నాన్ననే విడిపించాల్సిన రోజు వచ్చినప్పుడు మాత్రం ఆ రాయబారానికి నడిచే దారి లేదు. మధ్యలో సముద్రం ఉంది, రెండు ప్రభుత్వాలు ఉన్నాయి.

అప్పటికి నేను డిగ్రీ పూర్తి చేసి, కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, నరసాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేస్తున్నాను. మేడ మెట్ల కింద గది. చెక్కతో కట్టిన క్యాబిన్లు, వాటికి పూల పూల తెరలు. ఫోను లైను మీద నెట్ కలిసేది. కలిసేటప్పుడు మోడెం పెట్టే గోల వీధిలోకి వినిపించేది. పరీక్షల రిజల్ట్స్ రోజున జాతరలా ఉండేది. మామూలు రోజుల్లో మస్కట్‌లోనూ కువైట్‌లోనూ పనిచేసేవాళ్ల ఇళ్లవాళ్లు వచ్చేవారు. వాళ్లు చెప్పింది నేను టైపు చేసేదాన్ని, వచ్చింది చదివి పెట్టేదాన్ని. మా అమ్మకి ఈ ఉద్యోగం ఎప్పుడూ నమ్మకంగా అనిపించలేదు. "గాజుపెట్టె ముందు కూకుంటే జీతం ఎవరిత్తారే, ఏదో మాయ" అనేది. నేను ఒక్కతే కూతుర్ని కాబట్టి నాన్న నవ్వి ఊరుకునేవాడు.

నాన్న బోటుకి సరంగు, అంటే నడిపే పెద్ద. ఆయన కింద ఆరుగురు మనుషులు. ఆ ఏడు చలికాలం ముందు వేటకి వెళ్లారు. తుఫాను కబురు రేడియోలో చెప్పేసరికే బోటు లోతు నీళ్లలో ఉంది. మిగతా బోట్లన్నీ ఒకటొకటిగా తిరిగొచ్చాయి. మాది రాలేదు. గాలి తగ్గాక ఊరివాళ్లు బోట్లేసుకుని వెతికారు. ఏమీ దొరకలేదు. ఆ ఆరుగురి పెళ్లాలూ మా ఇంటి ముందు వచ్చి కూర్చునేవారు. అమ్మ వాళ్లకి గంజి పోసేది, తను కూడా అక్కడే కూర్చునేది.

చాలా రోజులకి మత్స్యశాఖ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇంజను చెడిపోయి బోటు కొట్టుకుపోయిందట. పొరుగు దేశం గస్తీవాళ్లు పట్టుకున్నారట. మనుషులు బతికే ఉన్నారు, జైల్లో ఉన్నారు. జైలు అని విని ఆ రోజు మా ఊళ్లో సంబరపడ్డారు. బతికున్నారు కదా, అదే పదివేలు అనుకున్నాం.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. మేం ఇచ్చిన అర్జీ నరసాపురం నుంచి ఏలూరు వెళ్లింది. ఏలూరు నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి ఆ దేశంలో ఉన్న మన రాయబార కార్యాలయానికి వెళ్లాలి. ఎప్పుడు అడిగినా ఆఫీసులో ఒకటే జవాబు, "పైకి పంపామమ్మా." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. మా ఊళ్లో పైకి పోయారంటే అర్థం వేరు. ఒకరోజు గుమాస్తాగారి బల్ల ముందు నిలబడి, "ఆ పైనెవరో ఒక్కరి పేరు చెప్పండి సార్, నేనే వెళ్లి అడుగుతాను" అన్నాను. ఆయన కోప్పడలేదు. "నాకు మాత్రం ఏం తెలుసమ్మా. నా పై ఆఫీసు ఏలూరు. ఆ తరవాత నాకూ కనపడదు" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు.

సెంటరుకి వచ్చి కూర్చున్నాక, మస్కట్ వాళ్లకి రాసినట్టు వీళ్లకి మాత్రం ఎందుకు రాయకూడదు అనిపించింది. వెతికితే ఆ రాయబార కార్యాలయం పేజీ దొరికింది. పైన జెండా బొమ్మ మెల్లిగా దిగింది, కింద ఒక మెయిలు అడ్రసు. నా ఇంగ్లీషు పరీక్షలకి బట్టీపట్టిన ఇంగ్లీషు. అయినా బోటు నంబరు, మనుషుల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు, ఊరు అన్నీ రాసి పంపాను. జవాబొస్తుందని నేనూ అనుకోలేదు.

మర్నాడే వచ్చింది. రాసినాయన అక్కడ మనవాళ్ల బాగోగులు చూసే అధికారి, ఉత్తరాది మనిషి. ఢిల్లీ నుంచి కాగితం తనకి ఇంకా రాలేదనీ, అయినా నా మెయిలు పట్టుకుని జైలుకి వెళ్లి మనవాళ్లని చూసొచ్చాననీ రాశాడు. ఆరుగురు బాగున్నారు. సరంగుకి మాత్రం కామెర్లు. ఆసుపత్రిలో చేర్చారు.

సెంటరుకి సెలవు చెప్పి ఊరికి పరుగెత్తాను. విని అమ్మ అడిగింది.

"మీ నాన్నని ఆయన కళ్లారా చూశాడంటా?"

"చూశాడంట."

"అన్నం తింటున్నాడంటా?"

అది మెయిల్లో లేదు. మళ్లీ నరసాపురం వెళ్లి అదే రాసి అడిగాను. సాయంత్రానికి జవాబొచ్చింది, గంజి తాగుతున్నారని. రెండు దేశాల మధ్య ఒక అధికారి మా అమ్మ అడిగిన గంజి సంగతి కనుక్కుని చెప్పాడు. ఆయన మీద నాకు అభిమానం ఆ రోజే పుట్టింది.

అసలు చిక్కు తరవాతి మెయిల్లో బయటపడింది. నేను పంపిన పట్టీలో ఆరుగురికి ఆరుగురు తండ్రులు. అక్కడి పోలీసులు రాసుకున్న దాంట్లో ఆరుగురికీ తండ్రి ఒక్కడే, మా నాన్న. బోటులో వంట చేసే పెద్దాయన మా నాన్న కన్నా వయసులో పెద్ద. ఆయన కూడా సరంగు కొడుకునే అని చెప్పాడట. తండ్రి కన్నా ముసలి కొడుకేమిటని అక్కడివాళ్లకి అనుమానం వచ్చింది. దొంగపేర్లతో వచ్చిన మనుషులు, ఏదో దొంగ సరుకు మోస్తున్నారు అనుకున్నారు. ఇది తేలేదాకా వీళ్లు ఫలానా దేశం వాళ్లని ఒప్పుకునేది లేదని కూర్చున్నారు. "మేడం, వీళ్లు ఎందుకు అబద్ధం చెప్పారు?" అని అధికారి అడిగాడు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇది దేశం కాని దేశంలో ఎవరికి ఎలా చెప్పాలి? మా ఊళ్లో ఒక మనిషి మొదటిసారి వేటకి బోటెక్కేటప్పుడు, వాడి తండ్రి వాడి చెయ్యి పట్టుకుని తెచ్చి సరంగు చేతిలో పెడతాడు. "గట్టెక్కేదాకా నీ కొడుకే" అంటాడు. తండ్రి లేకపోతే మేనమామ అంటాడు. వంట పెద్దాయనకి అనేవాళ్లెవరూ మిగల్లేదు కాబట్టి తన చెయ్యి తనే తెచ్చి పెట్టాడని నాన్న నవ్వుతూ చెప్పేవాడు. అప్పటినుంచి నీళ్లమీద ఎవరు ఎదురై ఎవరి మనిషివని అడిగినా సరంగు పేరే చెప్పాలి. వాళ్లింకా గట్టెక్కలేదు. జైలు గట్టు కాదు. అందుకని అడిగినవాడికి ఉన్నమాటే చెప్పారు.

ఇదంతా నాకు చేతనైన ఇంగ్లీషులో రాశాను. అధికారి అర్థం చేసుకున్నాడు. కానీ ఆచారాన్ని ప్రభుత్వాలు ఒప్పుకోవని చెప్పాడు. రేషన్ కార్డులు స్కాన్ చేసి పంపాలి. దాంతోపాటు సరంగు ఇంటివాళ్లు ఒక మాట రాసిచ్చి సంతకం పెట్టాలి, ఈ ఆరుగురూ ఆయన కొడుకులు కారు అని.

మా కులపెద్ద ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపాడు. "మనుసులింకా నీళ్లమీదున్నట్టే లెక్కమ్మా. ఇచ్చిన చెయ్యిని మజ్జలో ఇడిపించకూడదు. సరంగుకి కీడు" అన్నాడు. ఊరికే భయపెట్టడానికి అన్నమాట కాదు, ఆయన కళ్లలో నీళ్లున్నాయి. "అయినా ముక్కూ మొహం తెలియనోడితో రాయబారమేంటి? మనిషిని చూడాలి, కూకోవాలి, మాటాడాలి." నాకు చిర్రెత్తుకొచ్చింది. కూర్చుని మాట్లాడేలోపు మనవాళ్లు జైల్లో ముసలివాళ్లవుతారని గట్టిగానే అన్నాను. ఆయన అమ్మ వైపు చూశాడు. ఆరుగురు ఆడవాళ్లూ అమ్మ వైపే చూశారు. నాన్న ఆసుపత్రిలో ఉన్న సంగతి అందరికీ తెలుసు, కాబట్టి ఎవరూ అడగలేకపోయారు.

అమ్మ చాలాసేపు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చివరికి, "ఆళ్ల మొగుళ్లు ఆళ్లకి రావాలి. రాయి" అంది. సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేసింది.

ఆ పూట సెంటరు ఓనరుగారు మిగతా కంప్యూటర్లన్నీ ఆపేసి లైను మొత్తం నాకిచ్చారు. రేషన్ కార్డులు ఉప్పుగాలికి మెత్తబడిపోయి ఉన్నాయి. స్కానర్ గాజు మీద పెడితే అతుక్కునేవి. ఒక్కొక్కటీ ఎక్కించడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, మధ్యలో కరెంటు పోయి మళ్లీ మొదటికొచ్చింది. మొత్తానికి వెళ్లాయి. రాత్రయ్యేలోపు అధికారి జవాబిచ్చాడు. అన్నీ అందాయి, అక్కడి ప్రభుత్వం వాళ్లకి మెయిల్లోనే పంపేశాను, వాళ్లు తమ రికార్డు సరిచేసుకుంటున్నారు అని. ఏలూరులో ఆగిన కాగితం ఇంకా ఏలూరులోనే ఉంది. నేను గర్వపడ్డాను. నవ్వుకున్నాను కూడా. గుమాస్తాగారికి చూపించాలనుకున్నాను.

తరవాతి రోజు మధ్యాహ్నం సెంటరు ఫోను మోగింది. అవతల ఆ అధికారి. ఆయన గొంతు వినడం అదే మొదటిసారి. చావుకబురు చల్లగా చెప్పడం అంటారు మనవాళ్లు, ఆయనకి అది చేతకాలేదు. నన్ను కూర్చోమన్నాడు. కూర్చునే ఉన్నానన్నాను. తెల్లవారుజామున మీ నాన్నగారు పోయారు అన్నాడు. పక్క క్యాబిన్లో ఎవరో కుర్రాళ్లు కంప్యూటర్లో ఆటలాడుతూ నవ్వుతున్నారు. లేచి వెళ్లి వాళ్లని తిట్టాలనిపించింది.

ఆయన ఆగకుండా మిగతాది చెప్పేశాడు. ఆగితే చెప్పలేననుకున్నాడేమో. శవాన్ని పంపాలంటే రెండు ప్రభుత్వాల అనుమతులూ కావాలి, అవి వచ్చేదాకా ఆసుపత్రివాళ్లు ఉంచరు. దహనం అక్కడే జరగాలి. జైలు నియమం ప్రకారం తండ్రి పోతే కొడుకుల్ని కాపలాతో శ్మశానానికి పంపుతారు. పొద్దున్నే ఆయన వెళ్లి ఆరుగురి కోసం అడిగాడు. జైలు సూపరింటెండెంటు రికార్డు తెరిచి చూపించాడు, మీ దేశం వాళ్లే వీళ్లు కొడుకులు కారని రాసిచ్చారు కదా అని.

నేను రాసిన మాట ఒక్క రోజు ఎక్కడైనా ఆగి ఉంటే, ఏలూరు కాగితంలా ఎవరి బల్ల మీదైనా పడి ఉంటే, మా నాన్నకి ఆరుగురు కొడుకులు తలకొరివి పెట్టేవారు. ఆ మెయిలు వల్లే ఆ ఆరుగురూ తరవాత ప్రాణాలతో ఇల్లు చేరారు. మళ్లీ రాయమన్నా అదే రాస్తాను. కానీ ఆ మధ్యాహ్నం ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ప్రపంచంలో ఇంత తొందర ఎవరికి కావాలి అనుకున్నాను.

కొరివి నేను పెడతానన్నాను. ఆడపిల్లనైతే ఏం, నేనే వచ్చి పెడతానన్నాను. పాస్‌పోర్టు ఉందా మేడం అని ఆయన మెల్లిగా అడిగాడు. లేదు. అప్పుడు ఆయన అన్నాడు, "అమ్మగారు ఒప్పుకుంటే నేను పెడతాను. సాయంత్రంలోగా చెప్పండి."

ఓనరుగారు నన్ను తన స్కూటర్ మీద ఊరికి తీసుకెళ్లారు. కబురు చెప్పగానే ఇంటి ముందున్న ఆడవాళ్లు శోకాలు తీశారు. అమ్మ తీయలేదు. నా చెయ్యి పట్టుకుని, ఎలా పోయాడు, ఎవరు దగ్గరున్నారు అని అడిగింది. తెలిసింది చెప్పాను. కొడుకుల సంగతి కూడా దాచకుండా చెప్పాను. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, బతికున్నన్నాళ్లూ అనలేదు. ఆ అధికారి పెడతానన్న సంగతి చెప్పినప్పుడు మాత్రం తలెత్తింది.

"ఆ బాబుకి తండ్రి ఉన్నాడా?" అని అడిగింది.

"ఏమోనమ్మా, తెలీదు."

"కన్నతండ్రి ఉంటే ఆయన్ని అడక్కుండా ఇంకోళ్లకి కొరివి పెట్టకూడదు. కనుక్కో."

కులపెద్ద గొంతు సవరించుకుని, ఏ కులమో కూడా కనుక్కోమన్నాడు. అమ్మ వినిపించుకోలేదు. లేచి చీర సర్దుకుని, నేనూ వత్తాను పద అంది. అమ్మ అంతకుముందు మా సెంటరుకి ఎప్పుడూ రాలేదు. స్కూటర్ వెనకాల మేమిద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. దారి పొడుగునా అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది.

ఫోను చేస్తే లైను కలవలేదు. మెయిలు రాశాను. మా అమ్మ మీ తండ్రిగారు ఉన్నారా అని అడుగుతోంది, ఉంటే ఆయన ఒప్పుకుంటేనే మీరు చేయాలంటోంది అని. ఒక దేశపు రాయబార కార్యాలయానికి ఎవరైనా ఇలాంటి ప్రశ్న పంపి ఉంటారా అని సందేహించలేదు. అప్పుడు నాకు అంత తెలివి లేదు. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో అంచు మీద కూర్చుని ఆ పెట్టె వైపే చూస్తోంది. కరెంటు పోకుండా ఉండాలని ఓనరుగారు గుమ్మంలో నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నారు.

జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అమ్మకి తెలుగులో చదివాను.

మా నాన్నగారు ఉన్నారు. మీ మెయిలు చూడగానే ఊరికి ఫోను చేశాను. ఆయన ముందు మీ నాన్నగారి పేరేమిటని అడిగారు. చెప్పాను. ఆ ఇంటి తరఫున నిలబడేవాళ్లు లేనప్పుడు నువ్వు నిలబడితే నాకే కీడూ రాదు, తలస్నానం చేసి వెళ్లు అన్నారు. ఇక అమ్మగారి మాట కోసం చూస్తున్నాను.

అమ్మ మళ్లీ ఒకసారి చదవమంది. చదివాను.

"ముందు ఆ పెద్దాయనకి నా దండాలని రాయి. ఆ తరవాత పెట్టమని రాయి" అంది.

ఆ వరసలోనే రాశాను. ఒకసారి సరిచూసుకుని నొక్కాను.

"ఎల్లిందా?"

"చేరిపోయిందమ్మా."

"అప్పుడేనా" అంది అమ్మ. అప్పటిదాకా కన్నీరు పెట్టని మనిషి ఆ మాట మీద ఏడ్చింది.